రంగంలో మా ముత్తాతని తరిమింది ఎవరు? బర్మా తిరుగుబాటుకి అసలు కారణాలు

ఇచ్ఛాపురం_చిన్నోడు, రాత్రి 9:12

అందరికీ నమస్కారం. ఇక్కడ రాయడం ఇదే మొదటిసారి, తప్పులుంటే క్షమించండి.

మా ముత్తాత రంగం (రంగూన్) వెళ్ళి రేవులో మూటలు మోసేవాడు. 1930లో బర్మావాళ్ళు కత్తులు పట్టుకుని వెంటపడితే తప్పించుకుని ఓడెక్కి వచ్చేశాడట. ఆయన తెచ్చిన టేకు పెట్టె ఇప్పటికీ ఇంట్లో ఉంది. మా నానమ్మ ఈ కథ ఎప్పుడు చెప్పినా 'బర్మావాళ్ళు మంచివాళ్ళే గానీ ఆ ఏడాది పిచ్చెక్కింది' అంటుంది.

నేనిప్పుడు పోటీ పరీక్షకి చదువుతున్నాను. పుస్తకంలో 'ఆసియాలో స్వాతంత్ర్యోద్యమాలకు కారణాలు' అని ఉంది: ఆంగ్ల విద్య, జాతీయ భావం, ప్రపంచ యుద్ధాలు. ఐదు మార్కులకి అది చాలు. కానీ బర్మా దగ్గరికి వచ్చేసరికి నాకు అర్థం కావట్లేదు. ఉద్యమం తెల్లవాళ్ళ మీద అయితే దెబ్బలు తిన్నది మా ముత్తాత ఎందుకు? ఆయనా వాళ్ళ కింద కూలీయే కదా.

బండబారిన_పెన్ను, రాత్రి 9:20

పన్ను. ఏ దేశమైనా అంతే. పన్ను కట్టలేకపోతే తిరగబడతారు, మిగతావన్నీ తర్వాత పుస్తకాల్లో చేర్చినవే. బర్మాలో తలపన్ను ఉండేది. పెళ్ళైనవాడికి ఏడాదికి 5 రూపాయలు, కానివాడికి రెండున్నర. పంట వచ్చినా రాకపోయినా కట్టాల్సిందే.

రిటైర్డ్_మాస్టారు, రాత్రి 10:05

పెన్ను గారూ, పన్ను నిజమే. కానీ తలపన్ను 1930లో కొత్తగా వేసింది కాదు కదా, అంతకు ముందు దశాబ్దాలుగా కడుతూనే ఉన్నారు. మరి అన్నాళ్ళూ ఊరుకున్న రైతులు ఆ ఏడాదే సాయా సాన్ వెనక ఎందుకు లేచారు?

కొంచెం వెనక్కి వెళ్దాం. 1852 యుద్ధంతో ఇంగ్లీషువాళ్ళు దిగువ బర్మా మొత్తం తీసుకున్నారు. ఐరావతి డెల్టా అప్పటికి ఎక్కువ భాగం అడవీ, బురదా. 1869లో సూయజ్ కాలువ తెరిచాక బియ్యానికి యూరప్ దారి దగ్గరైంది. ఎగువ బర్మా నుంచి రైతులు గుంపులుగా దిగివచ్చి డెల్టా నరికారు. 1850ల్లో దిగువ బర్మాలో వరి పది లక్షల ఎకరాల దగ్గర ఉండేది, 1930ల నాటికి 80 లక్షలు దాటింది. మన గోదావరి డెల్టాకి కాటన్ ఆనకట్ట ఎంతో, వాళ్ళకి ఈ అడవి నరకడం అంత. ప్రపంచంలో అంత బియ్యం ఎగుమతి చేసే చోటు ఇంకొకటి లేదనేంత ఎదిగింది.

అయితే అడవి కొట్టాలంటే ఎద్దులు కావాలి, విత్తనాలు కావాలి, పంట చేతికొచ్చేదాకా తిండి కావాలి. అదంతా అప్పే. అప్పిచ్చింది చెట్టియార్లు. ధర బాగున్నంత కాలం అప్పు కూడా బాగానే ఉంటుంది. 1930లో ప్రపంచ మాంద్యం దెబ్బకి ధాన్యం ధర దాదాపు సగానికి పడిపోయింది. పన్ను అంతే ఉంది, వడ్డీ అంతే ఉంది, వాటిని కట్టడానికి మాత్రం నిన్నటికి రెండింతల ధాన్యం అమ్మాలి. అన్నాళ్ళు మోసిన బరువు ఆ ఏడాదే నడుము విరిచిందంటే ఇందుకే.

చెన్నపట్నం_వనిత, రాత్రి 10:31

మాస్టారూ, చిన్న మాట. మనవాళ్ళలో చాలామంది చెట్టియార్లంటే మన కోమటి సెట్లనుకుంటారు. వాళ్ళు వేరు. నాట్టుకోట్టై చెట్టియార్లు, తమిళనాట కారైకుడి చుట్టుపక్కల వాళ్ళు. ఆ ఊళ్ళలో పెద్దపెద్ద మేడలకి వాడిన స్తంభాలు బర్మా టేకే.

ఇంకో సంగతి, వాళ్ళకి భూమి అక్కర్లేదు. డబ్బు తిరగడమే వాళ్ళ వ్యాపారం. వడ్డీ వస్తూ ఉంటే పొలం రైతు దగ్గర ఉండటమే వాళ్ళకి లాభం. ధర పడ్డాక వడ్డీ రాలేదు, తాకట్టు పొలాలు కోర్టు ద్వారా వాళ్ళ పేరు మీదకి వచ్చి పడ్డాయి. దిగువ బర్మాలో వరి పండే 13 ముఖ్య జిల్లాల్లో 1930లో వాళ్ళ చేతిలో 6 శాతం భూమి ఉంటే, 1937కి 25 శాతం. ఏడేళ్ళలో! తాను నరికిన అడవిలో రైతు తానే కౌలుదారు అయిపోయాడు.

ఆ తాకట్టు చట్టం, ఆ కోర్టు, ఆ రిజిస్ట్రేషన్ ఆఫీసు ఎవరివి? ఇంగ్లీషువాళ్ళవి. కానీ రైతు గడపలోకి కాయితం పట్టుకుని వచ్చే మనిషి మాత్రం ఇండియావాడు.

ఇచ్ఛాపురం_చిన్నోడు, రాత్రి 10:44

అమ్మో. ఆరు నుంచి ఇరవై ఐదా. ఇది మా పుస్తకంలో లేదు.

బండబారిన_పెన్ను, రాత్రి 10:50

అంటే చివరికి డబ్బే కదా మాస్టారూ. నేనన్నదే.

దీపాల_వీధి, రాత్రి 11:15

డబ్బు ఒక్కటే అనుకుంటే చెప్పుల గొడవ అర్థం కాదు పెన్నూ.

బర్మాలో గుడి ఆవరణలోకి ఎవరైనా చెప్పులు విడిచే వెళ్ళాలి. దొరలు మాత్రం బూట్లతోనే తిరిగేవాళ్ళు. 1916 నుంచి యువ బౌద్ధ సంఘం వాళ్ళు దీన్ని పట్టుకున్నారు. 1906లో మొదలైన సంఘం అది, మొదట్లో ప్రసంగాలూ, పాఠశాలలూ తప్ప రాజకీయం లేదు. 1919లో మాండలేలో ఐందాయా గుడికి కొందరు యూరోపియన్లు బూట్లతో వస్తే భిక్షువులు మీద పడ్డారు. ఒక భిక్షువుకి యావజ్జీవ శిక్ష వేశారు. దీంట్లో ఒక్క రూపాయి కూడా లేదు, చూడండి. మన ఇంట్లోకి వచ్చి మన దేవుడి ముందు బూట్లు విప్పనన్నవాడి మీద కోపం, అంతే.

దీని వెనక ఇంకా పెద్ద ఖాళీ ఉంది. 1885లో మాండలే పడింది. తీబా రాజుని ఎడ్లబండిలో ఎక్కించి రేవుకి తీసుకెళ్ళి, చివరికి మన దేశంలో రత్నగిరిలో పెట్టారు. ఆయన అక్కడే 1916లో పోయాడు. బర్మాలో రాజంటే బౌద్ధ సంఘానికి పోషకుడు కూడా, సంఘానికి పెద్దని నియమించేది ఆయనే. రాజు పోయాక ఆ పని చేసేవాడు లేడు. ఇంగ్లీషువాళ్ళు మతంలో తలదూర్చం అన్నారు. వినడానికి మంచి మాటే. కానీ ఊళ్ళో ఆ మాట వినిపించింది మరోలా: మీ మతానికి ఇక దిక్కు లేదు అని. అందుకే ఆ దేశంలో ఊళ్ళని కదిలించిన తొలి నాయకుల్లో భిక్షువులు ముందున్నారు. ఊ ఒట్టమ ఆరకాన్ నుంచి వచ్చాడు, ఇండియా తిరిగాడు, జపాన్ తిరిగాడు, 1921లో జైలుకెళ్ళాడు. ఊ విసర జైల్లో కాషాయం కట్టుకోనివ్వమని నిరాహార దీక్ష చేసి 166వ రోజున, 1929 సెప్టెంబర్ 19న చనిపోయాడు. లాహోర్ జైల్లో జతిన్ దాస్ పోయింది అదే నెల 13న. ఆరు రోజుల తేడా. జతిన్ దాస్ పేరు మనకి తెలుసు, విసర పేరు ఎంతమందికి తెలుసు?

రిటైర్డ్_మాస్టారు, రాత్రి 11:28

చాలా బాగా చెప్పావమ్మా. చదువు సంగతి కూడా ఒక ముక్క. 1920 డిసెంబర్‌లో రంగూన్ యూనివర్సిటీ చట్టం మీద విద్యార్థులు సమ్మె చేశారు. ఆ చట్టం ప్రకారం చదువు కొద్దిమందికే అందుతుందని వాళ్ళ బాధ. ఆ సమ్మె మొదలైన రోజునే ఇప్పటికీ వాళ్ళు జాతీయ దినంగా జరుపుకుంటారు. చిన్నోడి పుస్తకం 'ఆంగ్ల విద్య వల్ల ఉద్యమం వచ్చింది' అంటుంది. చూడబోతే ఆ విద్య దొరకనివ్వకపోవడం వల్ల కూడా వచ్చింది.

కరీంనగర్_కలం, ఉదయం 6:40

పొద్దున్నే మంచి చర్చ చదివిన. ఒకటి అడుగుతా, ఏమనుకోవద్దు. 1930లో తిరగబడ్డ సాయా సాన్ తాయెత్తులు కట్టించి, పచ్చబొట్లు పొడిపించి, తూటాలు తగలవని చెప్పి జనాన్ని మరతుపాకుల ముందుకు పంపిండు కదా. దాన్ని స్వాతంత్ర్యోద్యమం అంటే ఎట్లా? మూఢనమ్మకం కాదా?

దీపాల_వీధి, ఉదయం 7:30

అన్నా, తాయెత్తులు నిజమే. తనని తాను రాజుగా ప్రకటించుకున్నాడు, తెల్లగొడుగు పట్టించుకున్నాడు. సైన్యానికి గలోన్ అని పేరు పెట్టాడు. గలోన్ అంటే మన గరుత్మంతుడే. గరుడుడు పాముని తొక్కినట్టు ఇంగ్లీషువాణ్ణి తొక్కుతాడని లెక్క. ఈ బొమ్మ మనకి వేరే వివరించక్కర్లేదు.

కానీ అంతకు ముందు ఆయన చేసిన పని చూడండి. బర్మా సంఘాల మహాసభలో సభ్యుడిగా ఊళ్ళు తిరిగి, పన్ను వసూళ్ళలో జరిగే దౌర్జన్యాల మీద విచారణ చేసినవాడు. తలపన్ను కట్టొద్దన్నాడు. ఇంటి అవసరానికి వెదురూ కర్రా అడవి నుంచి ఉచితంగా తెచ్చుకునే హక్కు కావాలన్నాడు. ఆ కోరికల్లో మూఢనమ్మకం ఏముంది?

ఇప్పుడు తేదీలు చూడండి. 1930 డిసెంబర్ 21న తరావడీ జిల్లాలో దర్బారు. అప్పుడు తాత్కాలిక గవర్నర్‌గా ఉన్నది ఒక బర్మా మనిషే, సర్ మౌంగ్ జీ. పన్ను తగ్గించండి, వాయిదా వెయ్యండి అని రైతులు అడిగారు. కుదరదన్నాడు. మర్నాటి రాత్రే తిరుగుబాటు మొదలైంది. అర్జీ తోసేశాక కత్తి తీశారు, ముందు కాదు.

కరీంనగర్_కలం, ఉదయం 7:52

ఒప్పుకుంటున్నా. తేదీలు పక్కపక్కన పెడితే లెక్క మారింది.

మన్యం_మనిషి, ఉదయం 8:20

అడవి మాట వచ్చింది కాబట్టి నేనూ ఒకటి. మాది చింతపల్లి వైపు. సాయా సాన్‌ని చదివినప్పుడల్లా నాకు మా కొండలే గుర్తొస్తాయి. 1879 రంప పితూరీ కల్లు గీసుకోవడం మీద పన్ను దగ్గర రాజుకుంది. 1922లో పోడు మీద అటవీ ఆంక్షలు, గూడెం డిప్యూటీ తాసీల్దారు బాస్టియన్ రోడ్డు పనిలో చేయించిన వెట్టి. ఆగస్టు 22న చింతపల్లి ఠాణా మీద పడ్డారు, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి. మా సీతారామరాజు గారికీ తూటా తగలదనే నమ్మేవాళ్ళు. తుపాకీ లేనివాడికి ధైర్యం ఎక్కడి నుంచి రావాలి మరి?

తేడా కూడా ఉంది. మా వాళ్ళది కొండ, ముఠాదార్ల (కొండ ఊళ్ళ పెత్తందార్ల) చేతిలో ఉండేది, బయటి మార్కెట్‌తో పని తక్కువ. బర్మా డెల్టా రైతు లండన్ ధర మీద బతికేవాడు. రెండూ ఒకటే అని నేను అనను.

బండబారిన_పెన్ను, ఉదయం 8:41

సరే, నేను ఒక మెట్టు దిగాను. పన్నుతో పాటు అడవి, బూట్లు కూడా.

కానీ చిన్నోడి ప్రశ్నకి ఇంకా జవాబు రాలేదు. రేవు కూలీని ఎందుకు కొట్టారు?

రేవు_కథలు, ఉదయం 10:10

ఇది నా ఇష్టమైన విషయం, పొడుగ్గా రాస్తా, ఓపిక పట్టండి.

1931 జనాభా లెక్కల్లో రంగూన్ జనం సుమారు నాలుగు లక్షలు. అందులో సగానికి పైగా ఇండియావాళ్ళు. బర్మా దేశపు పెద్ద నగరంలో బర్మావాళ్ళు మైనారిటీ! ఓడల దగ్గర మూటలు, బియ్యం మిల్లులు, రిక్షాలు, పాకీపని, వీటిల్లో ఎక్కువమంది మనవాళ్ళు. గోదావరి, విశాఖపట్నం, గంజాం జిల్లాల వాళ్ళు. కాకినాడ పక్కన కోరంగి రేవు పేరు మీద బర్మాలో తెలుగువాళ్ళందరినీ కొరంగీలు అనేవాళ్ళు. తర్వాత్తర్వాత అది తిట్టు అయిపోయింది.

వెళ్ళడం ఎలాగంటే మేస్త్రీ. ఊళ్ళోకి వచ్చి అడ్వాన్సు ఇస్తాడు, ఓడ ఛార్జీ పెడతాడు, అక్కడ కూలీలో పట్టుకుంటాడు. అప్పు తీరేదాకా ఆయన చెప్పిన చోటే పని, ఆయన చూపించిన కొట్టంలోనే పడక. ఒకే గదిలో షిఫ్టుల వారీగా నిద్రపోయేవాళ్ళు. అంత తక్కువ కూలికి ఇక్కడి మనిషి దొరుకుతుంటే కంపెనీలకి బర్మా మనిషితో పనేముంది? డెల్టాలో భూములున్నంతకాలం బర్మావాళ్ళకీ ఈ పని అక్కర్లేదు. భూమి పోవడం మొదలయ్యాక ఊళ్ళ నుంచి పట్నం వచ్చారు. వచ్చి చూస్తే ప్రతి పనిలోనూ ఇంకొకడున్నాడు.

1930 మేలో తెలుగు రేవు కూలీలు కూలి పెంచమని సమ్మె కట్టారు. గాంధీగారిని అరెస్టు చేసిన నెల కూడా అదే. సమ్మె కట్టింది ఎవరి మీద? యూరోపియన్ కంపెనీల సరుకు ఎక్కించే కాంట్రాక్టర్ల మీద. వాళ్ళేం చేశారు? బర్మా కూలీలని తెచ్చి పని నడిపించారు. కొన్నాళ్ళకి తెలుగువాళ్ళతో రాజీ కుదిరింది. బర్మా కూలీలని ఇక అక్కర్లేదు పొమ్మన్నారు. మే 26 పొద్దున బర్మావాళ్ళు పనికొస్తే, తెలుగువాళ్ళు తిరిగొచ్చి వాళ్ళ చోట్లో ఉన్నారు. ఎగతాళి మాట ఒకటి, తోపులాట, తర్వాత కత్తులు. రోజుల తరబడి నడిచింది. వందమందికి పైగా చనిపోయారు, ఎక్కువమంది తెలుగువాళ్ళే. వేలమంది పనులొదిలి దాక్కున్నారు. చాలామంది ఓడెక్కారు. చిన్నోడి ముత్తాత ఆ ఓడల్లో ఒకదాంట్లో వచ్చి ఉంటాడు.

ఇక నాకు నిద్ర పట్టనివ్వని ముక్క ఇది: దోబమా సంఘం పుట్టింది ఆ గొడవల వేడిలోనే, అదే ఏడాది. 'మేం బర్మావాళ్ళం' అని పేరు. దాని నుంచే తర్వాత బర్మా స్వాతంత్ర్య నాయకుడు అంగ్ సాన్ వచ్చాడు. అంటే ఆ దేశ స్వాతంత్ర్య చరిత్ర మొదటి పేజీల్లోనే మనవాళ్ళ రక్తం ఉంది.

విజయవాడ_వేడి, ఉదయం 10:25

అంటే మనవాళ్ళదే తప్పు అంటారా? పొట్ట చేతపట్టుకుని పోయిన కూలీ దోపిడీదారుడా? ఇలా రాయడానికి సిగ్గుండాలి. మీలాంటివాళ్ళ వల్లే

నిర్వాహకుడు, ఉదయం 10:33

వేడి గారూ, వ్యక్తిగత మాటలు వద్దు. మీ పోస్టులో చివరి నాలుగు లైన్లు తీసేశాను. విషయం మీద రాయండి, తప్పకుండా ఉంచుతాం.

రేవు_కథలు, ఉదయం 10:47

వేడి గారూ, తప్పు మనవాళ్ళదని నేను ఎక్కడా అనలేదు. తెల్ల కంపెనీ ఇద్దరు పేదవాళ్ళని ఒకే పలక మీద నిలబెట్టింది, ఒకడు ఎక్కితే రెండోవాడు నీళ్ళలో పడాలి. కానీ బర్మావాడి కళ్ళతోనూ ఒకసారి చూడండి. దొర ఎక్కడో ఆఫీసులో ఉంటాడు. తిరుగుబాటు అణచడానికి ఇండియా నుంచి అదనపు బలగాలు వచ్చాయి. పోలీసు ఇండియావాడు, గుమాస్తా ఇండియావాడు, అప్పిచ్చేవాడు ఇండియావాడు. పరాయి పాలన అంటే అతనికి రోజూ కనిపించే ముఖం మనదే.

విజయవాడ_వేడి, ఉదయం 11:20

సరే, తొందరపడ్డాను. మా తాతగారు కూడా రంగం మనిషే, అందుకే కోపం వచ్చింది. ఆయన 1942లో నడిచి వచ్చారు, అస్సాం మీదుగా. దారిలో తమ్ముణ్ణి పోగొట్టుకున్నారు. ఆ మాట ఇంట్లో ఎవరూ ఎత్తేవాళ్ళు కాదు.

రిటైర్డ్_మాస్టారు, మధ్యాహ్నం 12:15

బాధపడకండి వేడి గారూ. ఆ నడకలో వేలమంది దారిలోనే పోయారు. ఆ ఏడాది బర్మా వదిలిన ఇండియావాళ్ళు లక్షల్లో ఉన్నారు.

దోబమా వాళ్ళ గురించి ఒక మాట మన తెలుగువాళ్ళకి బాగా అందుతుంది. వాళ్ళు పేరుకి ముందు 'థఖిన్' అని పెట్టుకునేవాళ్ళు. అంగ్ సాన్ కూడా థఖిన్ అంగ్ సానే. థఖిన్ అంటే సరిగ్గా మన 'దొర'. అప్పటిదాకా బర్మావాళ్ళు ఇంగ్లీషువాణ్ణి అలా పిలవాల్సి వచ్చేది. ఈ కుర్రాళ్ళు ఈ దేశానికి దొరలం మేమే అని ఆ మాట లాగేసుకున్నారు. రెండు వేల రూపాయల ఖర్చు లేదు, రెండు తుపాకులు లేవు. కానీ కలెక్టరు ఆఫీసు మెట్ల మీద నిలబడి ఒక పాతికేళ్ళ కుర్రాడు నేను దొరని అంటే, ఆ ఊపు ఎలా ఉండి ఉంటుందో ఊహించుకోండి.

1936లో విద్యార్థుల సమ్మె, 1938లో చౌక్, యెనాన్‌జౌంగ్ చమురు బావుల కూలీల సమ్మె. మన ఇళ్ళలో బర్మా షెల్ కిరసనాయిలు డబ్బాలు గుర్తున్నాయా? ఆ పేరులోని బర్మా నూనె అక్కడిదే. అదే ఏడాది రంగూన్‌లో మళ్ళీ ఇండియావాళ్ళ మీద, ముఖ్యంగా ముస్లింల మీద గొడవలు. రెండూ ఒకే ఏట, ఒకే కోపంలో. విడదీయడం నాకు చేతకాలేదు.

హ్యూస్టన్_హరి, రాత్రి 7:05

ఆలస్యంగా వచ్చాను. మాస్టారు 1930నే ఎందుకు అన్నారు కదా, పక్కనే సాక్ష్యం ఉంది. అదే ఏడాది వియత్నాంలో ఫ్రెంచివాళ్ళ మీద ఎంగే ఆన్, హా తిన్ జిల్లాల రైతులు లేచారు. సెప్టెంబర్ 12న నడిచి వెళ్తున్న జనం మీద ఫ్రెంచి విమానాలు బాంబులు వేశాయి. అక్కడా బియ్యం ధర పడిపోయింది, తలపన్ను మాత్రం తగ్గలేదు. అక్కడ నాయకులు కమ్యూనిస్టులు, ఇక్కడ తాయెత్తు కట్టిన రాజు. పాలకులు వేరు, భాష వేరు, జెండా వేరు. పన్ను డబ్బు రూపంలో కట్టాలన్న రూలు మాత్రం రెండు చోట్లా ఒకటే. అందుకే 'కమ్యూనిజం వల్ల' లేదా 'మూఢనమ్మకం వల్ల' అనే జవాబులు నాకు నచ్చవు.

యుద్ధాల గురించి కూడా చిన్నోడి పుస్తకం పూర్తిగా తప్పు కాదు. జపాన్ 1942లో ఇంగ్లీషువాళ్ళని కొద్ది నెలల్లో బర్మా నుంచి వెళ్ళగొట్టింది. దొరలు పారిపోవడం జనం కళ్ళతో చూశారు. 1945 మార్చి 27న అంగ్ సాన్ సైన్యం జపాన్ మీదే తిరగబడింది. ఆ తర్వాత ఇంగ్లీషువాళ్ళు తిరిగొచ్చినా పాత భయం రాలేదు. 1948 జనవరి 4న స్వాతంత్ర్యం. అది చూడటానికి అంగ్ సాన్ లేడు, 1947 జూలై 19న సాటి మంత్రులతో పాటు కాల్చి చంపారు. కాబట్టి యుద్ధం తలుపు తెరిచింది. తలుపు దగ్గరికి జనాన్ని తెచ్చింది మాత్రం మీరంతా పైన చెప్పినవే.

చెన్నపట్నం_వనిత, రాత్రి 7:40

ఒక తమాషా కూడా రాయాలి. అప్పట్లో బర్మా బ్రిటిష్ ఇండియాలోనే ఒక భాగం. 1932 ఎన్నికల్లో బర్మావాళ్ళు ఇండియా నుంచి విడిపోవద్దు అన్నవాళ్ళనే గెలిపించారు! విడదీస్తే ఇండియాకి ఇచ్చే సంస్కరణలు మాకు ఎగ్గొడతారని అనుమానం. సాయా సాన్ తరఫున వాదించిన లాయరు బా మా గెలిచింది ఆ పక్షం నుంచే. అయినా 1937 ఏప్రిల్ 1న విడదీశారు, మొదటి ప్రధాని అదే బా మా. ఇండియావాళ్ళ మీద కోపం వేరు, ఇంగ్లీషువాడి మీద అనుమానం వేరు. రెండోదే ఎక్కువ.

ఇచ్ఛాపురం_చిన్నోడు, రాత్రి 9:55

అందరికీ చాలా చాలా థ్యాంక్స్. ఇందాక నానమ్మ దగ్గర కూర్చుని ఈ పోస్టులన్నీ చదివి వినిపించాను. మేస్త్రీ మాట రాగానే ఆపమంది. ఆ మేస్త్రీ పేరు, వాళ్ళ ఊరు, ఆయన చేతికున్న కడియం అన్నీ చెప్పింది. ముత్తాత చనిపోయేదాకా ఆ మేస్త్రీని తిట్టేవాడట. అడ్వాన్సు తీరిందని ఒక్కసారి కూడా ఒప్పుకోలేదట.

తెల్లదొరల గురించి ముత్తాత ఏమనేవాడు అని అడిగాను. ఆలోచించింది. 'ఓడ మీద ఒక్కసారి దూరం నుంచి చూశాడట' అంది.

ఇంకొకటి. గొడవ రోజున ఆయన్ని రెండు రాత్రులు దాచింది ఒక బర్మా ఆవిడట. పచ్చిచేపలు అమ్మేది. ఇన్నేళ్ళూ ఈ ముక్క నాకు ఎందుకు చెప్పలేదో తెలీదు. నువ్వు అడగలేదుగా అంది.

రేవు_కథలు, రాత్రి 10:08

చిన్నోడూ, ఆ టేకు పెట్టె మీద ఏమైనా రాత ఉందా? ఓడ గుర్తు, అంకె, ఏదైనా? ఉంటే ఒక ఫోటో పెట్టు.

ఇచ్ఛాపురం_చిన్నోడు, రాత్రి 10:15

మూత లోపల ఏదో చెక్కి ఉంది అన్నా, బర్మా అక్షరాల్లాగే గుండ్రంగా ఉంటాయి. కానీ దాని నిండా బియ్యం పోసి ఉన్నాయి, మూత మీద కూడా బస్తా పెట్టారు. ఆదివారం దింపించి తీస్తా.